తోటగట్టునకు తగిన మొక్క యేది?

రోహిణీకార్తెలో మన ఈపూరు ప్రాంతపు పొలములలో నిలిచి చూచినచో పత్తికట్టె పీకిన చేలును, మిరపకోత ముగిసిన నేలలును, ఎండకు నెఱ్ఱెలు విచ్చిన రేగడియు కనబడును. వాని నడుమ ఎచ్చటనో యొక బోరుబావి చెంత నాలుగైదు సెంట్ల పచ్చని మడి యుండును. అందు బెండయు, గోరుచిక్కుడును, తోటకూరయు, నాలుగు బీరపాదులును పెరుగుచుండును. వేసవి రెండు నెలలు ఆ యింటివారి కూరయు, ఆడవారి చేతిలో ఆడు కొద్దిపాటి డబ్బును ఆ మడినుండియే రావలెను. ఆ మడి నిలుచుట, నిలువకపోవుట చాలవఱకు దాని చుట్టునున్న గట్టును బట్టి యుండునని మా యభిప్రాయము. వడగాలి కడ్డము లేక, మేకకు దడి లేక యున్నచో ఉదయము పెట్టిన తడి సాయంకాలమునకే ఆఱిపోవును. కావున ఏండ్లతరబడి నిలుచు బహువార్షికములగు మొక్కలను తోటచుట్టు నాటవలెనను కోరిక మన సభ్యులలో పెరుగుచున్నది. కోరిక మంచిదే. కాని మొక్కను ఎన్నుకొను పద్ధతి సరిగా లేదని చెప్పక తప్పదు.

మనము మొక్కను ఎప్పుడు ఎన్నుకొనుచున్నాము? వానలు వెనుకబట్టి, నర్సరీలలో ప్రతి సంచియు పూలతో నిండియుండు కార్తీక మార్గశిర మాసములలో. ఆ కాలమున అందము లేని మొక్కయే యుండదు. గోదావరి యొడ్డున కడియము నర్సరీలు దేశమంతట పేరు గాంచినవి. అచ్చటి మాలీల పనితనము కొనియాడదగినది. కాని యొండ్రుమట్టిలో, చెమ్మగాలిలో పెరిగిన మొక్క రెంటచింతల యెండలకు పేరుపడిన మన పల్నాట బ్రదుకునో లేదో అమ్మువాడు చెప్పవలసిన మాట కాదు, కొనువాడు తెలిసికొనవలసిన మాట.

మా యనుభవమునే చెప్పుదుము. కొన్ని యేండ్ల క్రిందట మేమును దొడ్డి పడమటి గట్టునకు రంగురంగుల ఆకుల మొక్కలను కొనితెచ్చి మాఘమాసములో వరుసగా నాటితిమి. ఉగాదికి చూచినవారందఱు మెచ్చుకొనిరి. మే నెలలో మోటారు చెడి పదిదినములు నీరు లేకపోయెను. వరుసలో సగము మాడిపోయినది. మిగిలిన సగమును బ్రదికించుటకు కూరమడికి పెట్టవలసిన నీటిని తెచ్చి పోసితిమి. అనగా తోటను కాపాడుటకు నాటిన గట్టు తోట నోటిలోని నీటినే త్రాగివేసినది. ఆ గట్టు మూలలోనే మా పెద్దలు నాటిన గోరింటచెట్టు ఒకటి కలదు. దానికి ఎవరును చెంబెడు నీరు పోసి యెఱుగరు. అది మాత్రము ఆకు రాల్పక నిలిచియుండెను. ఆ యేడు నేర్చుకొన్న సూత్రము ఇది: మే నెలలో చూచి ఎన్నుకొనుము, జూలైలో నాటుము. ఊరి చెఱువుకట్టపైనను, పాడుపడిన దొడ్లలోను, ఎవరును నీరు పోయని చోట్ల రోహిణిలో ఏది పచ్చగా నున్నదో అదియే మన గట్టునకు తగినది.

పూర్వము పొరపడిన కంచెలు

నీరు లేక బ్రదుకుట యొక్కటియే గుణము కాదు. ఆ గుణమును మాత్రము చూచి మన పూర్వులును, దొరతనములును పొరపడిన సందర్భములు కలవు. నాగజెముడును పొలములకు కంచెగా పెంచిరి. నీరు అక్కరలేదు, పశువు ముట్టదు, ముక్క విఱిచి పడవైచినను మొలుచును. ఇన్ని సుగుణములు గల మొక్క కొన్నాళ్ళకు కంచె దాటి పొలములను, బీళ్ళను ఆక్రమించినది. తుదకు 1926 లో సింహళమునుండి ఒక పిండిపురుగును తెప్పించి దక్షిణదేశమున దానిపై విడిచినగాని ఆ పీడ తగ్గలేదు.

సర్కారుతుమ్మ కథయు నట్టిదే. 1877 ప్రాంతమున కడప మండలములోని కమలాపురము చుట్టుప్రక్కల అటవీశాఖవారు దీనిని వంటచెఱకునకై ప్రవేశపెట్టిరి. బీదవారి పొయ్యికి అది ఉపకరించినదనుట నిజము. నేటికిని బొగ్గు కాల్చి బ్రదుకువారు కలరు. కాని గొఱ్ఱెలు, పశువులు దాని కాయలు తిని విత్తనములను పేడతో పొలమంతట చల్లుచున్నవి. ఒకసారి గట్టెక్కిన తుమ్మను పెకలించుటకు జేసీబీ యంత్రమును పిలువవలసిన స్థితి మన గ్రామములలోనే చూచుచున్నాము. కాలువగట్లకు లొట్టపీసును నాటినవారు తరువాత కాలువలో నీరు పాఱక బాధపడిరి. 2003 ప్రాంతమున జీవ ఇంధనమునకని అడవియాముదమును దేశమంతట నాటించిరి. పశువు ముట్టదు గనుక కంచెకు మేలని మనవారును నాటిరి. నూనె డబ్బు రాలేదు. దాని గింజలు విషమగుటచే పిల్లలు తిరుగు చోట అదియొక భయముగా మిగిలినది.

ఈ నాలుగు కథలలోను మొక్క దోషము లేదు. దానివలన ఏమి వచ్చునో చూచితిమి గాని, అది ఎచ్చటికి పోవునో చూడలేదు. గట్టుమొక్క నాటినచోటనే యుండవలెను. ఇది మొదటి నియమము.

పంటకు పగవాడు కారాదు

రెండవ నియమము ఇంకను ముఖ్యమైనది. మనము పత్తి, మిరప రైతులము. వేసవిలో చేలలో పంట లేనప్పుడు ఆ పంటల పురుగులు ఎక్కడ తల దాచుకొనును? గట్టున నున్న బహువార్షికములలోనే. మందారము పత్తికిని, బెండకును చుట్టము, ఒకే కుటుంబములోనిది. 2005 తరువాత ఉత్తరదేశపు పత్తిచేలలో చెలరేగిన పిండినల్లికి మందారము మిక్కిలి యిష్టమైన నెలవు. ఇంటి ముంగిట నాలుగు మందారములున్న తప్పు లేదు, రోజును చూచుచుందుము గనుక. పత్తిచేని గట్టున వరుసగా మందారము నాటుట మాత్రము దొంగకు వసారా చూపుటయే. గట్లపై దానంతట పెరుగు తుత్తురబెండను కూడ ఈ కారణముచేతనే పీకివేయవలెను.

2021 లో నల్లతామరపురుగు మన మిరపచేలను ఏమి చేసినదో ఇచ్చట ఎవరికిని చెప్పనక్కరలేదు. పూలలో చేరి గీకి రసము పీల్చుట దాని స్వభావము. మన దేశమున దానిని మొదట గుర్తించినది బొప్పాయిపైన. కావున మిరపపొలపు గట్టున బొప్పాయి నాటుటయు, ఏడాది పొడుగున పూయు మొక్కలను దట్టముగా పెంచుటయు మేము సమ్మతింపము. పూలు తేనెటీగలను, మిత్రపురుగులను పోషించునని పెద్దలు చెప్పుదురు. అది నిజమే. అందుచేతనే పూలమొక్కలు వలదని మేమనుట లేదు; అవి యింటి దగ్గఱి కూరమడి చుట్టు ఉండవచ్చును, మిరపపొలపు గట్టున వలదని మాత్రమే మా మాట.

కరివేపాకు విషయమున కూడ ఒక హెచ్చరిక అవసరము. పెరటికి అది రాణి వంటిది. కాని నిమ్మ, బత్తాయి తోటలకు పచ్చతెగులు మోసికొనివచ్చు చిన్న పురుగు కరివేపపైనను పెరుగును. బత్తాయితోట గలవారు దానిని తోటగట్టున గాక యింటిలోపల పెంచుట మేలు. వయ్యారిభామను గూర్చి చెప్పనే యక్కరలేదు. 2000 సంవత్సరమున అనంతపురము వేరుసెనగను మాడ్చిన కాండముకుళ్ళు వైరస్సునకు దాని పుప్పొడియే మూలము. దానిని చేలలోనికి మోసినది తామరపురుగు. గట్టు బోసిగా నుంచినచో మొదట వచ్చి కూర్చుండునది ఆ వయ్యారిభామయే. కావున గట్టును ఖాళీగా విడుచుటయు ఒక ఎంపికయే, అదియే అన్నింటిలో చెడ్డ ఎంపిక.

నాలుగు గట్లు, నాలుగు విధములు

చాలమంది ఒకే మొక్కను నాలుగు వైపుల నాటుదురు. ఇది చూపునకు బాగుండునేమో గాని లెక్కకు సరిపోదు. మే మొదటివారమునుండి ఆగస్టు మొదటివారము వఱకు మధ్యాహ్నపు సూర్యుడు మనకు కొంచెము ఉత్తరముగా నుండును. తక్కిన తొమ్మిది నెలలు దక్షిణముగా నుండును. కావున దక్షిణపు గట్టున ఎత్తైన చెట్టున్నచో చలికాలపు పంటపై నీడ పడును. ఉత్తరపు గట్టున నున్నచో ఆ నీడ పొరుగువాని చేనిలో పడును. అందుండి తగవు పుట్టును. వడగాలి పడమటినుండియు, వాయవ్యమునుండియు వచ్చును. సాయంకాలపు మండుటెండయు అటనుండియే. కావున ఎత్తైన వరుస పడమటి గట్టున ఒక్కచోటనే యుండవలెను. తూర్పునను, దక్షిణమునను నడుమెత్తు దడియు, ఉత్తరమున గడ్డిదుబ్బులును చాలును.

ఎత్తైన వరుస యనగా ఆకసమంటు వృక్షములు కావలెనని తలపవలదు. దడి తన యెత్తునకు సుమారు పదింతల దూరమువఱకు గాలి వేగమును తగ్గించును. 6 అడుగుల దడి 60 అడుగులవఱకు కాపాడును. 5 సెంట్ల మడి నలుచదరమైనచో ఒక ప్రక్క 47 అడుగులకు మించదు. అనగా మనిషియెత్తు దడియే మన కూరమడికి చాలినంత. ఆ దడి గోడవలె బిగువుగా నుండరాదు. గాలి కొంత సోకిపోవుచుండవలెను. లేనిచో అది దడిపైనుండి దూకి వెనుకవైపున సుడి తిరుగును. జామాయిలు వరుసలు నాటి నీటికై పొరుగువారితో జగడమాడువారు ఈ లెక్కను ఒకసారి చూడవలెనని కోరుచున్నాము.

మేము మెచ్చిన మొక్కలు

పడమటి గట్టునకు గిరిపుష్పము మొదటిది. దీనిని గ్లైరిసీడియా యనియు అందురు. మూరెడున్నర కొమ్మను తొలకరిలో పాతినను, విత్తనము వేసినను వచ్చును. రెండేసి అడుగుల దూరమున నాటి, రెండవ యేటినుండి సంవత్సరమునకు రెండు మూడు పర్యాయములు నడుమెత్తున కత్తిరింపవచ్చును. ఆ రొట్టను మడిలో పఱచినచో నేల చల్లబడును, కుళ్ళి నత్రజని యిచ్చును. ఒక లోపము కలదు: కత్తిరింపక విడిచినచో చలికాలపు చివర ఆకు రాల్చి పూయును, వేసవి మొదట బోడిగా నుండును. కావున వానకాలపు చివర ఒక కత్తిరింపు తప్పక వేసి కొత్త చిగురు రప్పింపవలెను.

దానికి తోడుగా 15 అడుగులకొక కానుగ. పశువు తినదు; వేసవి మొదటనే పాతయాకు రాల్చి వెంటనే చిగిర్చి, మే నెలలో చల్లని నీడ నిచ్చును. పచ్చిరొట్టకు దానిని మించినది మన మెట్టలలో లేదు. వేపను పొలపు మూలలలో నాటవలెను గాని కూరమడి ప్రక్కన కాదు. జూన్ జూలై నెలలలో రాలు పండ్లను ఏఱి యుంచుకొన్నచో, 5 కిలోల గింజపప్పును 100 లీటర్ల నీటికి చొప్పున కషాయముగా చేసి చల్లవచ్చును. 2021 లో తెలుగునాట వేపలు కొనలనుండి ఎండిపోవుట మనమందఱము చూచితిమి. ఏ యొక్క మొక్కపైనను సంపూర్ణముగా ఆధారపడరాదని ఆ యేడు నేర్పినది.

తూర్పు దక్షిణపు గట్లకు గోరింట, వాక. గోరింట కొమ్మను జానెడు ముక్కలుగా చేసి అడుగు దూరమున నాటి ఏటేట కత్తిరించినచో మనిషి దూఱరాని దడియగును. ఆషాఢమాసమున ఊరి ఆడుబిడ్డలందఱు ఆ గట్టునకే వత్తురు. రాజస్థానములోని సోజతు ప్రాంతమున ఎండకును, కఱవునకును ఓర్చు ఈ మొక్కనే పంటగా పండించి దేశమంతటికి ఆకు అమ్ముచున్నారు. ఆ గోరింటకు 2021 లో భౌగోళిక గుర్తింపు లభించినది. మనకు గట్టుమీద గల దానిని వారు చేనిలో పండించుచున్నారు.

వాక్కాయ పప్పు ఎఱుగని తెలుగుల్లు లేదు. కాని గట్టున వాకను నాటువారు అరుదైరి. ముండ్లు గలది, సతతహరితము, మేక తల దూర్చదు, వానకాలమున కాయ నిచ్చును. విత్తనము ఎండిన మొలకెత్తు శక్తి పోవును. పండునుండి తీసిన వెంటనే వేయవలెను. మూడడుగుల దూరము చాలును. పెరుగుట మెల్లన, మూడేండ్ల ఓపిక కావలెను. ఆ తరువాత ఆ దడికి మన మనుమల కాలమువఱకు ఖర్చు లేదు. అడవిపందులకు భయపడి ముళ్ళతీగకు కరెంటు తగిలించు దుర్మార్గపు పద్ధతి అచ్చటచ్చట వినబడుచున్నది. అది చట్టవిరుద్ధము, పందికి ముందు రాత్రిపూట నీరు కట్టబోవు మనిషి ప్రాణము తీయును. వాకదడి పందిని పూర్తిగా ఆపునని మేము చెప్పజాలము. కాని దానివలన ఏ యిల్లాలి పసుపుకుంకుమలును పోవు.

సీతాఫలమును మేక ముట్టదు, రాతినేలలోను నిలుచును. వేసవిలో ఆకు రాల్చి యెండినట్లుండును గనుక కొత్తవారు చచ్చినదని పెకలింతురు. తొలకరికి మరల చిగుర్చును. ఇది నీడ నీయదు, నీరును అడుగదు. కావున నీరందని దూరపు గట్టులకు పెట్టవలెను. ఉత్తరపు గట్టుకును, నీటికాలువ వెంబడిని నిమ్మగడ్డి, వట్టివేరు దుబ్బులు మేలు. వట్టివేరు గడ్డి వేళ్ళు నిలువుగా ఆఱేడడుగుల లోతునకు దిగి గట్టు తెగకుండ పట్టుకొనును. ప్రక్కకు ప్రాకి పొరుగువాని సారము లాగదు. తెగిన గట్టు మరల పోసికొను ఖర్చు ఎఱిగినవాడే ఈ గడ్డి విలువ నెఱుగును.

ఇంటిదగ్గఱి మడికి స్నానపునీరు పాఱు చోట ఒక మునగ, ఒక అవిసె, ఒక కరివేప. మునగ కొమ్మ పెళుసు, వడగాలికి విఱుగును. గొంగళిపురుగు గుంపులుగా పట్టును. కాబట్టి నడవదారికి దూరముగా నాటి, కాపు ముగియగానే మూడడుగుల యెత్తున నఱకవలెను. పువ్వుల కొఱకు మల్లెను మించినది లేదు. పుష్యమాసమున కత్తిరించి, ఆకు దూసి, కొన్నాళ్ళు నీరాపి, పిదప ఎరువు పెట్టి తడిపినచో వేసవియంతయు పూయును. ఎండలో పూయు బిళ్ళగన్నేరు మడి యంచునకు చక్కని మొక్క. నెత్తురు కాన్సరునకు వాడు మందు దీని ఆకునుండియే తీయుదురు. పెద్దగన్నేరును మాత్రము పశువులు మేయు గట్టున నాటవలదు. దాని ప్రతిభాగమును విషమే. కత్తిరించి పాఱవేసిన ఆకు తిన్నను పశువునకు ప్రాణాపాయము.

నాటుట, కాపాడుట

మృగశిర వానకు గుంట త్రవ్వి, ఆరుద్ర పునర్వసులలో నాటుట శ్రేష్ఠము. ఎంత గట్టిమొక్కకైనను మొదటి రెండు వేసవులు నీరు కావలెను. ఇందుకు కుమ్మరి కాల్చిన మామూలు మట్టికుండను మొక్క ప్రక్కన మెడవఱకు పూడ్చి, వారమునకొకసారి నింపి మూత పెట్టినచో నీరు ఊరుచు వేళ్ళకు మాత్రమే చేరును. పైన చెత్త కప్పవలెను. మూడవ వేసవిలో కుండ తీసి వేఱొక మొక్కకు పెట్టుకొనవచ్చును. గట్టు వేళ్ళు మడిలోనికి రాకుండ, దడికిని మడికిని నడుమ రెండడుగుల లోతు చాలు తీసి ఏటేట వేళ్ళు కోయుచుండవలెను. వానకాలమున ఆ చాలే నీరు ఇంకు గుంటగా పనిచేయును.

గట్టు ఎవరిది?

ఇంతవఱకు చెప్పినది మొక్కను గూర్చి. ఇక మనిషిని గూర్చి చెప్పవలెను. అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. మన ప్రాంతమున చేను దున్నువారిలో కౌలుదారులు అనేకులు. 2019 లో వచ్చిన పంటసాగుదారుల హక్కుల చట్టము 11 నెలల ఒప్పందమునకు ఏర్పాటు చేసినది. అందువలన భూమిపై యజమాని హక్కునకు భంగము రాదనియు చెప్పినది. అయినను భయము తీఱలేదు. కౌలుదారు వాకమొక్క నాటబోయినచో, ఇతడు నేలపై హక్కునకు గుఱుతు పాతుచున్నాడని యజమాని శంకించును. పదునొకండు నెలల మనిషి మూడేండ్లకు పెరుగు మొక్కకు నీరు ఏల మోయవలెనని కౌలుదారు తలంచును. ఇద్దఱి తలంపునకును కారణము కలదు. ఫలముగా గట్టు బోడిగా మిగిలి వయ్యారిభామ పాలగుచున్నది, మడి మాడుచున్నది, నష్టము ఇద్దఱిదియు.

దీనికి కోర్టుతో పని లేదు. ఒక చిన్న కాగితము చాలును. చెట్టు భూమితో పోవుననియు, సాగు చేసినన్నాళ్ళు ఆకు, కాయ, రొట్ట కౌలుదారువనియు, నేల విడిచిపోవునాడు బ్రదికియున్న మొక్కకు ఇంత చొప్పున యజమాని యిచ్చుననియు అందు వ్రాసికొనవలెను. మన సహకార సంఘము దానికి సాక్షిగా నిలువవలెనని మా సూచన. 1904 లో మన దేశమున తొలి సహకార చట్టము వచ్చిననాడు, ఒంటరిరైతు పూచీని వడ్డీవ్యాపారి చౌకగా చూచుచుండెను; పదిమంది కలిసిన పూచీకి విలువ కలిగినది. గట్టుమొక్కకును ఆ కలిసిన పూచీయే కావలెను. అంతవఱకు కౌలు సోదరులు తొందరగా ఫలమిచ్చువానిని ఎన్నుకొనవచ్చును. ఆఱు మొదలు ఎనిమిది నెలలకే కాయు విత్తనపు మునగ, మొదటి యేడే ఆకు నిచ్చు అవిసె అట్టివి. నిమ్మగడ్డి, వట్టివేరు దుబ్బులను నేల విడుచునాడు త్రవ్వి తమతో తీసికొనిపోవచ్చును. బీదవాని బహువార్షికము భుజముపై మోయదగినదై యుండుట మేలు.

ఉమ్మడి గట్టు విషయమును ఇట్టిదే. గట్టు ఇద్దఱిది, అందుచేత నాటుటకు ముందు ఇద్దఱును నిలిచి మాటాడుకొనవలెను. ఎత్తు ఎంత, కత్తిరింపు ఎప్పుడు, రొట్ట ఎవరికి అను మూడు మాటలు ముందుగా తేలినచో, సర్వేయరును పిలువవలసిన అవసరము తఱచు కలుగదు.

కడపట మా విన్నపము. ఈ రోహిణిలో ప్రతి సభ్యుడును తన యూరి చెఱువుకట్టను, పాతదొడ్లను ఒకసారి చుట్టివచ్చి, నీరు లేక పచ్చగా నిలిచిన మొక్కల పేర్లు నాలుగు వ్రాసి సంఘమునకు తేవలెను. తాతలనాటి గోరింట, వాక ఎవరి దొడ్డిలో నున్నవో తెలిసినచో కొమ్మలకును, విత్తులకును డబ్బు పెట్టనక్కరలేదు. సంఘపు ఆవరణలో ఒక మూల చిన్న నారుమడి పోసి తొలకరికి సభ్యులకు పంచవచ్చును. ఇందుకు కావలసినది కొన్ని కుండలు, కొంత పేడ, రోజునకొకరి వంతున నీరు పోయు చేయి. మొక్కలు పంచునప్పుడు కౌలుదారునకు మొదటి వంతు ఇయ్యవలెననియు, గట్టు కాగితము అప్పుడే వ్రాయింపవలెననియు మేము కోరుచున్నాము. ఇట్లు చేసినచో మూడేండ్లకు వచ్చు రోహిణిలో మోటారు పదిదినములు చెడినను మడిలోని బెండ నిలుచును. గట్టుమొక్క నుండి మనము ఆశింపదగినది అంతియే. అది చిన్న లాభము కాదు.